పెట్టకు లేవడం తెలుసు, పెట్టెకు తెలియదు



పెద్ద పండగ వెళ్ళింది, శివరాత్రి కూడా వెళ్ళిపోయింది. పెట్టలు గుడ్లకొచ్చాయి. ఇక ఫోన్ తెరిస్తే చాలు, ఇంక్యుబేటర్ వీడియోలే. ఒక థర్మోకోల్ పెట్టె, ఒక బల్బు, కంప్యూటర్‌లోంచి పీకిన చిన్న ఫ్యాను, ఎర్ర అంకెలు వెలిగే బోర్డు, వెనక నుంచి "ఫుల్ ఆటోమేటిక్ అన్నా, 95 శాతం పిల్లలు గ్యారంటీ" అని ఒక గొంతు. కొనేవాళ్ళు కొంటున్నారు, సొంతంగా చేసుకునేవాళ్ళు చేసుకుంటున్నారు. మంచిదే. నేను మిషన్లకు వ్యతిరేకిని కాదు, మా ఇంట్లోనే రెండున్నాయి. కానీ ఈ అమ్మేవాళ్ళూ, వీడియోలు తీసేవాళ్ళూ కలిసి మన బెజవాడ చుట్టుపక్కల జనానికి ఒక తప్పుడు భయం నేర్పారు. ఈ పోస్టు దాని గురించే. కాస్త పొడుగుంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ఈ వేసవిలో గుడ్లు పెట్టబోయేవాళ్ళయితే తప్పకుండా చదవండి.

ఏంటా భయం అంటే, చలి భయం. "కరెంటు పోతే గుడ్లు చల్లబడిపోతాయి, పిల్లలు చచ్చిపోతాయి." ఇదొక్కటే అందరి బుర్రలో ఉంది. అందుకే ముందు ఇన్వర్టర్ కొంటారు, కరెంటు పోగానే దుప్పటి కప్పుతారు, పెట్టె గాలి రంధ్రాలకు ప్లాస్టర్ వేస్తారు, 60 వాట్ల బల్బు ఉన్నచోట 100 వాట్లది పెడతారు. అన్నీ చేసి 21 రోజులు ఎదురుచూస్తే 50 గుడ్లకు 14 పిల్లలు దిగుతాయి. మిగతావి పగలగొడితే లోపల పూర్తిగా తయారైన పిల్ల, ఈకలతో సహా, చచ్చి ఉంటుంది. అప్పుడు పుంజు మంచిది కాదంటారు, గుడ్లు అమ్మినవాడు మోసం చేశాడంటారు, కరెంటు వాళ్ళను తిడతారు. మే నెలలో ఆ పెట్టె పెట్టిన గది ఎంత వేడిగా ఉందో మాత్రం ఒక్కడూ చూడడు.

నేను చెప్పేది ఒకటే. మన డెల్టాలో ఇంటి మిషన్లలో గుడ్లు ఎక్కువగా పోతున్నది వేడికి. చలికి పోయేవి తక్కువ.

ఈ చలి భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. మనం చూసే వీడియోల్లో సగం చలి దేశాల వాళ్ళ వీడియోలకు తెలుగు మాటలు అతికించినవే. అక్కడ గది ఎప్పుడూ 20, 22 డిగ్రీలు ఉంటుంది. వాళ్ళకు సమస్య వేడి చాలకపోవడం. మన బెజవాడను తెల్లదొరలే బ్లేజ్‌వాడ అని ఎగతాళి చేశారంటారు, అలాంటి ఊళ్ళో రేకుల షెడ్డులో పెట్టె పెట్టి అదే పాఠం చదివితే ఎలాగండీ? పైగా 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అంతకు ముందు ఏడాది డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ డెల్టాలో చాలా ఊళ్ళు చీకట్లో ఉన్నాయి. ఆ రెండూ మనసులో పడిపోయాయి. కాదనను. కానీ వరద ఎప్పుడో వస్తుంది. రోహిణి కార్తె ప్రతి ఏడాదీ వస్తుంది.

ఇప్పుడు లెక్కలకొద్దాం. కోడిగుడ్డుకు కావలసిన వేడి, ఫ్యాను ఉన్న పెట్టెలో అయితే 37.5 నుంచి 37.8 డిగ్రీలు. ఫారన్‌హీట్‌లో చెప్పాలంటే 99.5 నుంచి 100. ఫ్యాను లేని పెట్టెలో గుడ్డు పైభాగం ఎత్తున కొలిస్తే 38.3 నుంచి 38.9 దాకా ఉంచుతారు, ఎందుకంటే గాలి తిరగదు కాబట్టి గుడ్డు కింది భాగానికి అంత వేడి అందదు. ఇంతవరకూ అందరికీ తెలుసు.

తెలియనిది ఇది. పెట్టెలో వేడి 35 డిగ్రీలకు పడిపోయి మూడు నాలుగు గంటలు అలాగే ఉంటే ఏమవుతుంది? పిల్ల ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది. అంతే. కొన్ని గంటలు ఆలస్యంగా దిగుతుంది. 32 డిగ్రీల కిందికి పడిపోయి 18 గంటలున్నా బతికిన పిండాలున్నాయి. అదే వేడి పైకెళ్ళి 40.5 అయిందనుకోండి, 15 నిమిషాలు చాలు, లోపలున్న పిండానికి గట్టి దెబ్బ తగలడానికి. కిందికి రెండున్నర డిగ్రీలు పోతే గంటలు ఆగుతుంది, పైకి దాదాపు మూడు డిగ్రీలు పోతే నిమిషాలే. ఈ తేడా తెలిసినవాడు ముందు దేనికి భయపడాలి? కోళ్ళ పెంపకం నేర్పే ఏ కాలేజీలో అడిగినా ఇదే చెప్తారు. మనకు గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, వెళ్ళి అడగండి.

అసలు పెట్టను చూసినవాడికి ఇది కొత్త కాదు. పొదుగు కోడి రోజుకోసారి లేచి, ఇంత గింజ తిని, నీళ్ళు తాగి, రెట్ట వేసి, ఒళ్ళు దులుపుకుని వస్తుంది. పావుగంటో ఇరవై నిమిషాలో గుడ్లు గాలికి వదిలేసినట్టే కదా. ఏ పిల్లా చావలేదు. మనవాళ్ళు ఆ గంపను ఎక్కడ పెట్టేవాళ్ళు? నీడపట్టున, మట్టి గోడ మూల, కింద ఇసక పోసి, దాని మీద గడ్డి వేసి. మధ్యాహ్నం వేడి ఎక్కువైతే పెట్ట కాస్త పైకి లేచి రెక్కలు ఎడంగా పెట్టి నోరు తెరుచుకుని నిలబడుతుంది. గుడ్లకు గాలి తగులుతుంది. అంటే ఆ పెట్ట దగ్గర వేడి చేసే పద్ధతీ ఉంది, చల్లబరిచే పద్ధతీ ఉంది.

మన పెట్టె దగ్గర ఏముంది? బల్బు ఉంది. బల్బుకు తెలిసింది వెలగడం, ఆరడం. ఆరడం అంటే చల్లబరచడం కాదు. గది 40 డిగ్రీలుంటే, బల్బు ఆరిపోయి ఉన్నా, పెట్టె లోపల 37.7 ఎలా వస్తుంది? రాదు. గది ఎంతుందో పెట్టె అంతకు తగ్గదు. పైగా ఫ్యాను మోటారు వేడి కొంత, గుడ్లలో ఎదుగుతున్న పిల్లల వేడి కొంత తోడవుతుంది. బోర్డు మీద 39.6 అని వెలుగుతుంటే అమ్మినవాడికి ఫోన్ చేస్తారు. "సెట్టింగ్ తగ్గించన్నా" అంటాడు. ఏం తగ్గిస్తారు? సెట్టింగ్ 30కి తగ్గించినా బల్బు ఇంకా ఆరదు, ఇప్పటికే ఆరిపోయి ఉంది కదా. ఇంత చిన్న సంగతి అమ్మేవాడికి తెలియదని నేననుకోను. తెలిసే అమ్ముతున్నాడు.

పెద్ద హేచరీకి ఎప్పుడైనా వెళ్తే గమనించండి. అక్కడ సెట్టర్ మిషన్లలో వేడి చేసే కాయిల్స్‌తో పాటు చల్లనీళ్ళు తిరిగే రాగి గొట్టాలుంటాయి. గదికి విడిగా చల్లగాలి ఏర్పాటుంటుంది. పదుల వేల గుడ్లు పెట్టే వాళ్ళు చల్లబరచడానికి డబ్బు ఖర్చు పెడుతున్నారంటే ఊరికే పెడుతున్నారా? వాళ్ళు చేసిన మిషన్‌లో సగం తీసేసి మనకు అమ్ముతున్నారు, దానికి "ఫుల్ ఆటోమేటిక్" అని పేరు.

కొందరు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, ఎస్‌టీసీ 1000 లాంటి రెండు రిలేల కంట్రోలర్ పెట్టి, 38.2 దాటితే ఫ్యాను తిరిగేట్టు చేస్తున్నారు. మంచి ఆలోచనే, మార్చి నెలలో బాగా పనిచేస్తుంది. గది 32 ఉండి పెట్టె 38.5 ఉంటే బయటి గాలి లాగి దించుతుంది. కానీ గది 41 ఉన్నప్పుడు అదే ఫ్యాను ఆ 41 డిగ్రీల గాలిని తెచ్చి గుడ్ల మీద పోస్తుంది. అది చల్లబరిచే ఫ్యాను కాదు అప్పుడు, వడగాలి ఫ్యాను. దీన్నిబట్టి తేలేదేంటంటే, వేసవిలో మీరు సరిచేయాల్సింది పెట్టెను కాదు, గదిని.

ఇంకో చిన్న లెక్క. చలికాలం రాత్రి గది 20 ఉంటుంది. పెట్టె 37.7 ఉండాలి. తేడా 17.7. ఏప్రిల్‌లో గది 34 ఉంటుంది. తేడా 3.7. పెట్టెలోంచి బయటికి పోయే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది కాబట్టి, జనవరిలో కావలసిన దానిలో ఐదో వంతు వేడి చాలు ఏప్రిల్‌లో. మరి జనవరిలో పెట్టిన 100 వాట్ల బల్బే ఏప్రిల్‌లోనూ వెలుగుతుంటే ఏమవుతుంది? ఒక్కసారి వెలిగితే గబగబా వేడెక్కించేస్తుంది, బోర్డు ఆపినా బల్బు గాజు వేడిగానే ఉంటుంది, అది ఇంకో డిగ్రీ ఎక్కిస్తుంది. ఇదే మీరు చూసే ఊగిసలాట. బోర్డు పాడైందని కొత్త బోర్డు కొంటారు. బోర్డుకేం కాలేదు. బల్బు ఎక్కువైంది. వేసవికి 25 వాట్లవి రెండు పెట్టండి, ఒకటి మాడినా ఇంకోటి వెలుగుతుంది. అదీ ఎక్కువనిపిస్తే ఒకటి తీసేయండి. (ఎల్ఈడీ బల్బు పెట్టి వేడి రావట్లేదని ఒకాయన నాకు ఫోన్ చేశాడు. వెలుతురు మాత్రం బ్రహ్మాండంగా ఉందట.)

ఇక రెండో జబ్బు. బోర్డు మీద అంకె 37.7 నుంచి 37.4కి వస్తే గుండె ఆగినంత పని, 38.1 అయితే మూత తీసి విసరడం. రోజుకు ఇరవై సార్లు మూత. అయ్యా, ఆ అంకె గాలిది. గుడ్డుది కాదు. 50 లీటర్ల పెట్టెలో ఉన్న గాలి మొత్తం బరువు 60 గ్రాములు కూడా ఉండదు. అంత గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తికి 70 రెట్లు పైన పడుతుంది ఒక్క లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి. గుడ్డు లోపల చాలావరకు నీళ్ళే కదా. గాలి నిమిషానికోసారి అర డిగ్రీ పైకీ కిందికీ ఊగినా గుడ్డుకు దాని సంగతే తెలియదు. గుడ్డుకు తెలిసేది గంటల తరబడి ఉండే సగటు.

అందుకే నా మాట విని ఒక పని చేయండి. లీటరు నీళ్ళ సీసాలు రెండో మూడో నింపి, మూత గట్టిగా బిగించి పెట్టె అడుగున పెట్టండి. మూత తీసినా, కరెంటు పోయినా ఆ నీళ్ళు వేడిని పట్టుకుని ఉంటాయి. పది గుడ్లు పెట్టి 50 గుడ్ల పెట్టె నడిపేవాళ్ళకు ఇది మరీ అవసరం, ఖాళీ పెట్టె ఎక్కువ ఊగుతుంది. గుడ్లు పెట్టడానికి ఒక రోజు ముందే సీసాలు పెట్టి పెట్టెను నడిపించండి, నీళ్ళు ఆ వేడికి వచ్చి కుదురుకోవాలి. గుడ్డు లోపల ఎంతుందో తెలుసుకోవాలంటే చిన్న మందు సీసాలో నీళ్ళు పోసి, అందులో డిజిటల్ థర్మామీటర్ ప్రోబ్ ముంచి, గుడ్ల మధ్య పడుకోబెట్టండి. ఆ అంకె చూడండి. బోర్డు అంకె మీద గుడ్డ కప్పేయండి, మనశ్శాంతి.

ఈజిప్టులో కొన్ని వేల ఏళ్ళ నుంచి మట్టి ఇటుకల గదుల్లో గుడ్లు పొదిగించేవాళ్ళు. పిడకలు, గడ్డి కాల్చి వేడి. థర్మామీటర్ లేదు, బోర్డు లేదు. గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి తెలుసుకునేవాళ్ళు. 18వ శతాబ్దంలో రోమ్యూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని గురించి రాసి, తన దేశంలోనూ చేయాలని చూశాడు. ఆ మట్టి గోడల మందమే వాళ్ళ థర్మోస్టాట్. చైనా, వియత్నాం, బంగ్లాదేశ్‌లలో బాతుగుడ్లను ఊక మధ్య పెట్టి పొదిగిస్తారు. మన డెల్టాలో ఊకకు కరువా? మిల్లు దగ్గర బస్తాలు బస్తాలు. పెట్టె బయట ఇంకో పెద్ద అట్టపెట్టె పెట్టి మధ్యలో ఊక దట్టిస్తే గది ఊగినా లోపల అంత ఊగదు. బయట మాత్రమే సుమా, బల్బు దగ్గరికి ఊక రానివ్వకండి, ఇల్లు తగలబెట్టుకుంటారు. గాలి రంధ్రాలు మూసుకుపోకుండా గొట్టం పెట్టండి.

బోర్డు సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. చాలామంది వాడేది డబ్ల్యూ 1209 అనే చౌక బోర్డు. అందులో పీ1 అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఆపడానికీ మళ్ళీ వెలిగించడానికీ మధ్య ఎంత తేడా ఉండాలో చెప్పేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అది 2 డిగ్రీలు ఉంటుంది. అంటే మీరు 37.7 పెడితే 37.7కి ఆరిపోతుంది, 35.7కి పడేదాకా వెలగదు. పెట్టె అమ్మేవాళ్ళు దాన్ని మార్చకుండానే అమ్మినవి నేను చూశాను. 0.3 పెట్టుకోండి. పీ4 అనేది సరిదిద్దుకునే సెట్టింగ్. ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఉంటుంది కదా, గ్లాసులో 38 డిగ్రీలకు దగ్గరగా గోరువెచ్చని నీళ్ళు తీసుకుని, బోర్డు సెన్సారూ అదీ పక్కపక్కన ముంచి చూడండి. తేడా ఎంతుంటే అంత పీ4లో సరిచేయండి. జ్వరం థర్మామీటర్ ఈ వేడి దగ్గర నిజం చెప్పడానికే తయారైంది. సెన్సారును బల్బు పక్కన వేలాడదీయకండి, గుడ్ల పైభాగం ఎత్తున, గుడ్ల మధ్య ఉండాలి. బల్బు పక్కన ఉంటే సెన్సారుకు వేడి, గుడ్లకు చలి. ఫ్యాను గాలి సూటిగా తగిలేచోట ఉన్నా తప్పే చెప్తుంది.

చౌక రిలేలు కొన్నాళ్ళకు అతుక్కుపోతాయి. అతుక్కుంటే బల్బు ఆరదు. రాత్రి పడుకుని తెల్లారి లేచేసరికి లోపల 46. గుడ్లు ఉడికిపోయి ఉంటాయి. దీనికి మందు, అదే లైనులో ఇంకో థర్మోస్టాట్ వరసగా కలిపి 38.5కి కట్ అయ్యేట్టు పెట్టడం. మొదటిది మొండికేస్తే రెండోది ఆపుతుంది. రెండో బోర్డుకు ఎంతవుతుంది? మంచి జాతి గుడ్డు ఒక్కదాని ధర కూడా కాదు చాలాచోట్ల. దీన్ని పెట్టి అమ్మమని అడిగితే "కాస్ట్ పెరుగుతుందన్నా" అంటారు. రంగు లైట్లకు మాత్రం కాస్ట్ పెరగదు!

ఇప్పుడు అసలు కోపమొచ్చే విషయం. దుప్పటి.

పొదుగు మొదటి వారంలో గుడ్డు బయటి నుంచి వేడి తీసుకుంటుంది. రెండు వారాలు దాటాక లోపల పిల్ల పెద్దదై తనే వేడి పుట్టిస్తుంది. చివరి వారంలో గుడ్డు చుట్టూ ఉన్న గాలి కంటే గుడ్డే వేడిగా ఉంటుంది, డిగ్రీ పైన. అలాంటి గుడ్లు 50 ఒక పెట్టెలో, ఏప్రిల్ మధ్యాహ్నం, కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయింది. గాలి కదలదు. గది 39. ఈయన పరిగెత్తుకెళ్ళి రగ్గు తెచ్చి కప్పుతాడు. వీడియోలో అలాగే చెప్పారు మరి. రెండు గంటల తర్వాత కరెంటొస్తుంది. లోపల ఆ పిల్లలు తమ వేడికి తామే ఉడికి, గాలాడక, సగం చచ్చుంటాయి. 21వ రోజు కోసం ఎదురుచూస్తాడు. పుంజును తిడతాడు.

కరెంటు పోతే ముందు గుడ్ల వయసు చూడండి, తర్వాత గది వేడి చూడండి. వానాకాలమో చలికాలమో రాత్రి, గుడ్లు మొదటి రెండు వారాల్లో ఉన్నాయి, అప్పుడు కప్పండి, గోరువెచ్చని నీళ్ళ సీసాలు పెట్టండి, మూత తీయకండి. బుడమేరు లాంటి వరదలో అయితే అదే దారి. కానీ ఎండాకాలం, గుడ్లు చివరి వారంలో ఉన్నాయి, అప్పుడు దుప్పటి ముట్టుకోవద్దు. రంధ్రాలు తెరవండి, మూత కొద్దిగా ఎడంగా పెట్టండి, పెట్టెను ఇంట్లో చల్లటి చోటికి మార్చండి. గది 30 ఉన్నా 32 ఉన్నా గంటా రెండు గంటలకు ఏమీ కాదు. ఇన్వర్టర్ ఉంటే ముందు ఫ్యానుకు ఇవ్వండి, బల్బుకు తర్వాత. ఈ మాట ఎవరూ చెప్పరు. వేసవిలో గాలి ముఖ్యం.

పెట్టెలోకి వెళ్ళకముందే చచ్చే గుడ్లు ఇంకో కథ. సుమారు 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఎక్కడో గుడ్డులో పిండం కదలడం మొదలవుతుంది. అంతకంటే చల్లగా ఉంటే నిద్రపోతుంది. అందుకే పొదిగించే గుడ్లను 15 నుంచి 18 డిగ్రీల దగ్గర దాచమంటారు. మన వంటింట్లో ఏప్రిల్‌లో 34. అక్కడ గంపలో పది రోజులు పోగేసిన గుడ్డులో పిండం సగం వేడికి సగం మేల్కొని, ఎటూ కాకుండా నీరసించి చస్తుంది. మిషన్‌లో పెట్టి ఏడో రోజు టార్చి వేసి చూస్తే ఏమీ కనబడదు. "పుంజు తొక్కలేదు" అంటారు. తొక్కింది. మీరే చంపారు. ఫ్రిజ్‌లో పెడదామంటే అది 4, 5 డిగ్రీలు, మరీ చల్లన. తడి ఇసకలో కుండ పెట్టి, కుండలో గుడ్లు పెట్టి, పైన తడి గుడ్డ కప్పి, నీడలో గాలాడేచోట ఉంచితే పొడి ఎండల్లో బాగానే దిగుతుంది. గుడ్లు మాత్రం తడవకూడదు. అప్పటికీ నాలుగు రోజులకు మించి దాచకండి వేసవిలో. 50 పోగయ్యేదాకా ఆగాలన్న ఆశ వదులుకోండి, 15 గుడ్లతోనే నడపండి, మిగతా చోట నీళ్ళ సీసాలు పెట్టండి.

ఇదంతా కోళ్ళ సరదా వాళ్ళ గోల అనుకోకండి. మంచి అసీల్ గుడ్డు వందల్లో పలుకుతోంది. డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని మిషన్ కొన్న అక్కలున్నారు, నాటుకోడి పిల్లలమ్మి వాయిదా కడదామని. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళ వనరాజా, గ్రామప్రియ గుడ్లు తెచ్చుకునేవాళ్ళున్నారు. మూడు విడతలు వరసగా పోతే ఆ పెట్టె అటక ఎక్కుతుంది, అప్పు మాత్రం ఎక్కదు, నెత్తి మీదే ఉంటుంది. అమ్మినవాడు అప్పటికి ఫోన్ ఎత్తడం మానేస్తాడు.

ఊళ్ళో పెద్దవాళ్ళు "మిషన్ పిల్లకు బలం ఉండదురా" అంటారు. వాళ్ళు చూసింది అబద్ధం కాదు, చెప్పే కారణం తప్పు. వేడెక్కువైన గుడ్ల నుంచి పిల్లలు 19, 20 రోజులకే దిగుతాయి, చిన్నగా ఉంటాయి, బొడ్డు సరిగ్గా మూసుకోదు, కొన్ని కాళ్ళు చాచేస్తాయి, వారంలో చస్తాయి. చలి ఎక్కువైతే 22, 23 రోజులకు దిగుతాయి, కడుపు ఉబ్బి మెత్తగా ఉంటుంది. మీ పిల్లలు ఏ రోజు దిగాయో, బొడ్డు ఎలా ఉందో రాసి పెట్టుకోండి. మన దగ్గర వేసవి విడతల్లో ఎక్కువగా కనబడేది మొదటి రకమే. తేమ తేడా వల్లా, గుడ్లు తిప్పకపోవడం వల్లా కూడా పోతాయి, నిజమే. కానీ బొడ్డు మూసుకోకుండా ముందే దిగిన పిల్ల కనబడితే మొట్టమొదట అనుమానించాల్సింది వేడినే.

"మరి వేసవిలో అసలు పెట్టొద్దంటారా?" అని అడుగుతారు. గది పగలంతా 34 లోపు ఉంచగలిగితే పెట్టండి. రేకుల షెడ్డు వద్దు, డాబా పై అంతస్తు వద్దు, పడమటి గోడ వద్దు. కింద అంతస్తులో ఉత్తరం వైపు గది, లేకపోతే పెంకుటిల్లో మట్టి గోడల మధ్య, లేకపోతే కూలరున్న గది. విజయవాడ, నూజివీడు, మైలవరం వైపు పొడి ఎండ కాబట్టి కిటికీలకు తడి గోనెలో వట్టివేళ్ళ తడకలో కడితే నాలుగైదు డిగ్రీలు దిగొచ్చు. బందరు, అవనిగడ్డ వైపు ఉక్క కాబట్టి అది అంతగా పనిచేయదు, అక్కడ నీడా గాలే దిక్కు. ఇవేవీ కుదరకపోతే ఏప్రిల్ సగం నుంచి తొలకరి దాకా మిషన్ ఆపేసి గుడ్లను పొదుగు కోళ్ళకిందే వేయండి. పెట్టకు తొమ్మిదో పదో గుడ్లు. ఆదాయం తగ్గుతుంది, నిజమే. 50 గుడ్లు పెట్టి 14 పిల్లలు దించేదానికంటే తగ్గదు.

కొనేవాళ్ళు అమ్మేవాడిని ఇలా అడగండి: "గది 42 ఉన్నప్పుడు మీ పెట్టెలో ఎంతుంటుంది? చూపించండి." ఎండలో పెట్టి చూపించమనండి. వాడు 37.7 చూపిస్తే కొనండి, నాకూ చెప్పండి, నేనూ కొంటాను. రిలే అతుక్కుంటే ఆపే రెండో కట్ ఉందా అని అడగండి. వేడి 38.5 దాటితే కూత పెడుతుందా అని అడగండి. పీ1 ఎంతకు పెట్టావని అడగండి. ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేనివాడు 95 శాతం గ్యారంటీ అంటే, ఆ గ్యారంటీ కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. ఏ నెలలో అన్నది కూడా రాయమనండి.

ఇప్పటికే గుడ్లు పెట్టి ఉన్నవాళ్ళు, ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి బల్బు వెలుగుతోందో లేదో చూడండి. అరగంట గమనించండి. ఒక్కసారి కూడా వెలగకుండా అంకె 38 పైనే ఉంటే మీ పెట్టె మీ చేతిలో లేదు, గది చేతిలో ఉంది. మార్చిలోనే అలా ఉంటే ఇంకో 21 రోజుల తర్వాత ఎలా ఉంటుందో లెక్కేసుకుని, ఈ రోజే గది మార్చండి.